అప్‌డేట్: నేపాల్ బడికి వెళ్లి వచ్చాం

నల్గొండలో డిగ్రీ చదువుతున్న మేమిద్దరం వేసవి సెలవుల్లో నేపాల్‌లోని ఒక పేద పిల్లల బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్లవచ్చా, నెల రోజుల కోసం వెళ్తే పిల్లలకు మేలా, కీడా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. వెళ్లి వచ్చాం.

ప్రయాణం గురించి భయపడ్డదంతా వృథా. మనకు వీసా అక్కరలేదు, ఓటరు కార్డు చాలింది. మన 100 రూపాయలకు అక్కడ 160. గడియారం 15 నిమిషాలు ముందుకు జరపాలి, అంతే.

"సొంతంగా తరగతి పట్టుకోకండి, అక్కడి టీచరుకు చేదోడుగా ఉండండి" అని మీలో ఒకరు చెప్పారు. ఆ మాటే మమ్మల్ని కాపాడింది. మేము వచ్చేశాక కూడా పిల్లలతో ఉండేది ఆవిడే కదా! లెక్కలు ఆవిడ చెప్పేవారు, వెనకబడిన నలుగురైదుగురి పక్కన మేము కూర్చునేవాళ్లం. ఐదో తరగతి పాప ఒకతె వేలెడు కూడా లేని పెన్సిల్ ముక్కకు వెదురు పుల్ల కట్టి రాసేది. దానితోనే భిన్నాలు నేర్చుకుంది.

ఒకరోజు మా నాయనమ్మ ఫొటో చూసి, కాళ్లు అలా వంగిపోయాయేమని పిల్లలు అడిగారు. మా నల్గొండ జిల్లా మర్రిగూడ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి, అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ వచ్చే ముప్పు గురించి నాకు వచ్చిన హిందీలో చెప్పాను. తరగతి అంతా నిశ్శబ్దం. "ఇప్పుడు మంచి నీళ్లు వస్తున్నాయా?" అని ఆ పాపే అడిగింది. కృష్ణా నీళ్లు వస్తున్నాయని చెప్పాను.

ఈ దసరా సెలవుల్లో మర్రిగూడ బడికి వెళ్తున్నాం, టీచరుతో మాట్లాడేశాం.