ఔలీలో స్కీయింగ్, కొండనడక, జోషీమఠ్ దర్శనాలు: ఒకే ప్రయాణంలో కుదురుతాయా?

ప్రశ్న

వచ్చే శీతాకాలంలో కుటుంబంతో ఉత్తరాఖండ్‌లోని ఔలీకి వెళ్లాలనుకుంటున్నాము. నాకు స్కీయింగ్ నేర్చుకోవాలని ఉంది, కానీ ఇంతవరకు స్కీల మీద నిలబడి ఎరుగను. నా భార్యకు కొండల్లో నడవడం ప్రాణం. క్వారీ పాస్ అనే కొండ కనుమ దారిన నడవాలని ఆమె ఎప్పటినుంచో అనుకుంటోంది. మా అమ్మగారికి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. అయినా జోషీమఠ్ నరసింహస్వామిని, వీలైతే బదరీనాథుణ్ణి దర్శించుకోవాలని ఆవిడ కోరిక. రానుపోను ప్రయాణంతో కలిపి మాకు వారం పైన ఒక రోజు సెలవు దొరుకుతుంది. ఏ నెలలో వెళితే మంచిది? జోషీమఠ్‌లో ఇళ్లు బీటలు వారాయని చదివాము కాబట్టి, బస ఎక్కడ చేయాలన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు

మీరు కోరినవన్నీ ఒకే నెలలో దొరకవు కనుక, ఈ ప్రయాణం స్కీయింగ్ కోసమా, నడక కోసమా అన్నది ముందుగా ఇంట్లో తేల్చుకోండి. ఔలీ వాలుల మీద స్కీయింగ్‌కు తగిన మంచు సాధారణంగా జనవరి నుంచి మార్చి మొదటి రోజుల వరకు ఉంటుంది. బదరీనాథ్ ఆలయాన్ని నవంబరులో మూస్తే మళ్లీ ఏప్రిల్ చివరనో, మే నెలలోనో తెరుస్తారు. క్వారీ పాస్‌కు రానుపోను నాలుగైదు రోజులు పడుతుంది. చలికాలంలో ఆ దారిన వెళ్లేవారు లేకపోలేదు గానీ, మీకున్న వ్యవధిలో అది స్కీయింగ్‌ను పూర్తిగా మింగేస్తుంది. ఋషీకేశ్ నుంచి జోషీమఠ్‌కు దాదాపు 250 కిలోమీటర్లు. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగల మీదుగా సాగే ఆ కొండదారిలో ఒక పగలంతా గడిచిపోతుంది. రానుపోను ప్రయాణం తీసేస్తే కొండమీద మీకు మిగిలేది నాలుగు రోజులే అనుకోండి.

ఉత్తరాఖండ్ ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారు ఔలీలో ఏడు, పద్నాలుగు రోజుల స్కీయింగ్ శిక్షణ ఇస్తారు. అది మీ సెలవుకు కుదరదు కాబట్టి, రోజువారీగా నేర్పే శిక్షకుణ్ణి మాట్లాడుకోండి. మొదటిరోజు కిందికి జారడం కన్నా ఆగడం నేర్చుకోవడం ముఖ్యం: స్కీల ముందు కొనలను దగ్గరకు తెచ్చి, మడమలను బయటికి నెడితే వేగం తగ్గుతుంది. బూటు లోపల రెండు జతల మేజోళ్లు వేసుకుంటే వెచ్చగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మడతలు పడి కాలు ఒరుసుకుపోతుంది, బిగుతుకు రక్తప్రసారం తగ్గి వేళ్లు మరింత చల్లబడతాయి. ఒకే జత ఉన్ని మేజోళ్లు చాలు. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది కనుక, ఎండ లేని రోజున కూడా నల్ల కళ్లద్దాలు తీయవద్దు.

మీ శ్రీమతి గారికి గోర్సన్ బుగ్యాల్ నడక చెబుతాను. ఔలీ నుంచి సుమారు మూడు కిలోమీటర్లు అడవిలో ఎక్కితే చెట్లు ఒక్కసారిగా ఆగిపోయి, విశాలమైన పచ్చికమైదానం తెరుచుకుంటుంది. చలికాలంలో అదంతా మంచే. ఆకాశం తేటగా ఉంటే 7,816 మీటర్ల నందాదేవి కళ్ల ఎదుటే నిలుస్తుంది. మంచు లోతుగా ఉన్నప్పుడు మాత్రం స్థానిక గైడు లేకుండా పంపవద్దు.

రెండవ జవాబు

బస విషయంలో మీరు జాగ్రత్త పడటం న్యాయమే. జోషీమఠ్ పట్టణం పాత కొండచరియల శిథిలాల మీద నిలిచి ఉందని, అక్కడ భారీ నిర్మాణాలు తగవని ప్రభుత్వం నియమించిన మిశ్రా కమిటీ 1976లోనే హెచ్చరించింది. 2023 జనవరిలో నేల కుంగి 800కు పైగా కట్టడాలకు బీటలు వచ్చాయి, ఎన్నో కుటుంబాలు ఇళ్లు విడిచి వెళ్లాయి. కాబట్టి గది మాట్లాడుకునే ముందు ఆ భవనం ఏ వార్డులో ఉందో, దానిని అధికారులు పరిశీలించారో లేదో సూటిగా అడగండి.

నాలుగు కిలోమీటర్ల జోషీమఠ్–ఔలీ రోప్‌వేను అప్పుడే ఆపేశారు. అది ఉంటుందన్న లెక్కతో ప్రణాళిక వేయవద్దు. రోడ్డున వెళ్లాలి, మంచు పడితే చక్రాలకు గొలుసులు కట్టిన బండి కావాలి. నా మటుకు మొదటి రాత్రి సుమారు 1,900 మీటర్ల ఎత్తులోని జోషీమఠ్‌లో గడిపి, ఆ తర్వాత 2,500 మీటర్లు దాటిన ఔలీకి ఎక్కడం మేలనిపిస్తుంది. పెద్దావిడకు ఆ ఒక్కరాత్రి విశ్రాంతి ఎంతో ఉపకరిస్తుంది. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లకుండా కిందికి దిగండి.

మూడవ జవాబు

బదరీనాథ్ మూసి ఉంటుందని అమ్మగారు నిరాశపడనక్కరలేదు. ఆలయం మూసిన తర్వాత ఆదిశంకరుల గద్దెను జోషీమఠ్ నరసింహాలయానికి, ఉద్ధవ, కుబేర మూర్తులను పాండుకేశ్వర్‌కు తీసుకువస్తారు. పాండుకేశ్వర్‌లోని యోగధ్యాన బదరీ ఆలయం కూడా జోషీమఠ్ నుంచి బదరీనాథ్ వెళ్లే దారిలోనే ఉంది, బండి మీద వెళ్లిరావచ్చు. నరసింహస్వామి మూర్తి ఒక చేయి ఏటేటా సన్నబడుతోందని, అది విరిగిననాడు జయ విజయ పర్వతాలు కలిసిపోయి బదరీనాథ్ దారి మూసుకుపోతుందని, అప్పటినుంచి స్వామి భవిష్య బదరీ అనే మరో ఆలయంలో పూజలందుకుంటాడని అక్కడివారి విశ్వాసం. సింహాచలం, అహోబిలం దర్శించిన మన పెద్దవారికి ఆ గుడిలో నిలబడి ఈ కథ వినడం ఎంతో తృప్తినిస్తుంది. భవిష్య బదరీకి మాత్రం ఎక్కుడు నడక ఉంది, మోకాళ్ల నొప్పులున్నవారికి వద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. క్వారీ పాస్ ఈసారికి మానుకుని, ఫిబ్రవరిలో వెళదామని ఇంట్లో ఒప్పుకున్నాము. అంత దూరం వెళ్లాక మంచే లేకపోతే ఏం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

అది ఉత్త భయం కాదు. మంచు చాలక ఔలీలో జరగవలసిన జాతీయ శీతాకాల క్రీడలే వాయిదా పడ్డాయి. కృత్రిమ మంచు యంత్రాల మీద ఆశ పెట్టుకోవద్దు, అవి పనిచేయాలన్నా చలి తగినంత ఉండాలి. రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకుని, బయలుదేరే వారం ముందు బస వారికి ఫోన్ చేసి, ఆ రోజు తీసిన వాలు ఫోటో పంపమనండి. మంచు లేదంటే గోర్సన్ దారి సులువవుతుంది గనుక మీరిద్దరూ కలిసి నడవండి; మరుసటి రోజు అమ్మగారిని తపోవన్ వేడినీటి ఊటల దగ్గరకు తీసుకువెళ్లండి. స్కీయింగ్ శిక్షకుడికి మాత్రం అక్కడికి చేరి, వాలు చూశాకే డబ్బు కట్టండి.