శనివారం వైన్ టేస్టింగ్: సీసాల రేటు ఈ రాత్రికే తేలాలి

(అమెరికాలో తెలుగువాళ్ల గ్రూపు చాట్. ఇక్కడ ఎవరి ఊరి పేరే వాళ్ల పేరు.)

కావలి (ట్రెజరర్): బ్రోచర్ రేపు పొద్దున ప్రింటుకి పోతుంది. మైకు, కుర్చీలు, చేపలు ఎవరెవరో కింద పేర్లు రాయండి. ఇంకోటి, మన వేలానికి ఉదయగిరి బాబాయ్ ఇచ్చిన 12 బోర్డో (ఫ్రాన్స్ ఎర్ర వైన్) సీసాలకు 8,400 డాలర్లని ఉంది. ఎవరేశారు ఆ లెక్క?

ఒంగోలు: నేనే. నెట్లో రేట్లు చూసి లెక్కేశా.

చీమకుర్తి: అక్కా, నువ్వు చూసింది 1982లో కోసిన ద్రాక్షవి. ఇప్పుడే బాబాయ్ ఇంటికెళ్లి ఫొటోలు తీశా. లేబుల్ మీద 1984 అని ఉంది. 1982 బోర్డో అంటే ఎగబడి కొంటారు. 1984లో మెర్లో అనే ద్రాక్ష పూత రాలిపోయింది, మన పొదలకూరు నిమ్మతోటల్లో రాలినట్టే. పైగా నెట్లో ఉండేది కొట్టువాడు అడిగే రేటు. పాత వైన్ల వేలంలో ఎంతకు పోయిందో చూడాలి. నేను చూసినంతలో పావు వంతు కూడా పలకలేదు.

కావలి: సీసాలు ఎట్టా ఉన్నాయి?

చీమకుర్తి: ఫ్రిజ్ మీద నిలబెట్టి ఉన్నాయి. పడుకోబెట్టకపోతే బిరడా ఎండి గాలి దూరుతుంది. రెండింట్లో వైన్ మట్టం సీసా భుజం సగానికి దిగింది. వాటికి రేటు కట్టడం దండగ.

ఉదయగిరి: ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కొనుక్కున్నవి. రేటు నేను చెప్పానా? చెత్త అనుకుంటే వెనక్కి పంపండి.

ఒంగోలు: తప్పు నాది బాబాయ్, మీది కాదు. కానీ ఆ లెక్క చూపించే 60 టికెట్లు అమ్మాం. కనిగిరి బడికి నీళ్ల ప్లాంటు ఇస్తామని మాట కూడా ఇచ్చాం.

కావలి: అందరికీ చెప్పేముందు నన్నొక్క మాట అడగొచ్చుగా!

ఒంగోలు: అడిగా. నువ్వు నీలం టిక్కు పెట్టి ఊరుకున్నావు.

చీమకుర్తి: చాలు ఇద్దరూ. బాబాయ్, రసీదులో సీసాల వివరమే రాస్తాం, రేటు రాయం. ట్యాక్స్‌లో ఈ విరాళం 5,000 డాలర్లు దాటి చూపించాలంటే విలువ కట్టే అప్రైజర్ కాగితం కావాలి, ఆ గొడవ మీకెందుకు?

ఉదయగిరి: సరే. ఆ దిగిపోయిన రెండూ శుక్రవారం మా ఇంట్లో తీద్దాం. పులిసిపోయి ఉంటే మిగతావాటి సంగతీ తెలుస్తుంది. మా ఊరి చెక్క గరిటెలు రెండు పెట్టెలున్నాయి, వేలంలో పెట్టుకోండి.

కావలి: బ్రోచర్లో రేటు తీసేశా. సీసాకి పాట 50 నుంచి మొదలు. టికెట్ డబ్బులు వెనక్కి అడిగితే ఇచ్చేద్దాం.

ఒంగోలు: వాళ్లని చేపల పులుసుతో ఆపుతాలే. చింతపండు పులుపు ముందు ఈ ఎర్ర వైన్ నిలవదు, ముందు తాగించి తర్వాత వడ్డించండి.

చీమకుర్తి: ఇంతకీ మైకు ఎవరు తెస్తున్నారు?

ఉదయగిరి: గరిటెలు 48 ఉన్నాయి. ఇప్పుడే లెక్కపెట్టా.