కష్టమైన రోజున ఇష్టమైన సెంటు వేసుకుంటే ఆ వాసనే పాడైపోతుందా?

వానచినుకు:
ఆరేళ్లుగా ఒకటే సెంటు వాడుతున్నాను. కొట్టుకోగానే లావెండర్, బెర్గమోట్ (ఒక రకం నిమ్మజాతి పండు) గుప్పుమంటాయి, రెండు మూడు గంటలు పోయాక వెనిలా, చందనం మిగులుతాయి. ఆ మిగిలిన వాసనంటేనే నాకు ప్రాణం. ఇంటర్వ్యూ ఉన్నా, ఎవరితోనైనా గొడవపడి రాత్రంతా నిద్రపట్టకపోయినా, పొద్దున్నే మణికట్టు మీద కాస్త కొట్టుకుంటే ఎవరో తోడున్నట్టు ఉంటుంది. వచ్చే వారం అమ్మకి ఆపరేషన్. ఆ రోజంతా బయట కుర్చీలో కూర్చోవాలి. ఇది వేసుకుని వెళ్లాలని మనసు లాగుతోంది, కానీ ఇకమీదట ఈ వాసన వచ్చినప్పుడల్లా ఆ కుర్చీ, ఆ టెన్షనే గుర్తొస్తాయేమోనని భయం. ఎవరికైనా ఇలా జరిగిందా?

నీలిమేఘం:
నాకు జరిగిందండీ. నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు పదకొండు రోజులూ ఒకే సెంటు వాడాను, అంతకు రెండు రోజుల ముందే కొన్న కొత్త సీసా. ఆయన క్షేమంగా ఇంటికొచ్చారు, అయినా ఇప్పటికీ దాని మూత తీస్తే కడుపులో తిప్పుతుంది. చివరికి ఎవరికో ఇచ్చేశాను. కానీ మధ్యలో రెండు రోజులు, అదీ డాక్టర్లు ఏమీ చెప్పలేమన్న రోజుల్లో, కాలేజీ నుంచి వాడుతున్న పాత సెంటు కూడా వేసుకున్నాను. దానికి ఏమీ కాలేదు. ఇప్పటికీ అది వేసుకుంటే హాస్టల్ గదే గుర్తొస్తుంది.

తెరచాప:
పైన చెప్పినదానికి కారణం ఉంది. చూసినవీ విన్నవీ మెదడులో ముందు థాలమస్ అనే కూడలి లాంటి భాగం దాకా వెళ్లి అక్కడి నుంచి మిగతా చోట్లకు వెళ్తాయి. వాసన అలా కాదు, ముక్కు పైభాగం నుంచి నేరుగా భయాన్నీ జ్ఞాపకాన్నీ చూసుకునే అమిగ్డలా, హిప్పోక్యాంపస్ పక్కకే చేరుతుంది. అందుకే ఒక వాసన ఒక రోజుకి అంత గట్టిగా అతుక్కుంటుంది. అయితే మొదట అతుక్కున్న జ్ఞాపకానిదే పైచేయి. బాగా అలవాటైన వాసనకి ఒక్క రోజులో కొత్త అర్థం రావడం కష్టం, అదే కొత్త వాసనైతే ఆ రోజే దాని మొత్తం చరిత్ర అయిపోతుంది. మీది ఆరేళ్ల సెంటు కాబట్టి నేనైతే ధైర్యంగా వాడతాను. ఆ రోజు కోసమని కొత్తది మాత్రం కొనకండి.

ఇంకోటి, ఒంటి మీద వద్దు, రుమాలు మీద వేసుకోండి. ఒంటి మీదున్న వాసనని మన ముక్కు కాసేపటికే పట్టించుకోవడం మానేస్తుంది, సరిగ్గా అవసరమైనప్పుడు అందదు. రుమాలు జిప్ కవర్లో పెట్టుకుంటే భయం వేసినప్పుడు తీసి రెండు సార్లు నిదానంగా పీల్చి మళ్లీ మూసేయొచ్చు. పైగా రోజంతా అది గాల్లో ఉండదు కాబట్టి ఆ రోజుతో కలిసిపోయే అవకాశమూ తక్కువ.

ఉడతపిల్ల:
నేను నర్సుని, ఒక్క మాట చెప్పాలి. మత్తు దిగేటప్పుడు చాలామందికి వాంతి వచ్చినట్టు ఉంటుంది, అప్పుడు ఎంత మంచి సెంటైనా భరించలేరు. పక్క మంచంలో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉండొచ్చు. రుమాలు పద్ధతి అందుకే నాకు బాగా నచ్చింది. అమ్మగారి దగ్గరికి వెళ్లేముందు కవర్ మూసి బయటే ఉంచి, చేతులు కడుక్కుని వెళ్లండి. సీసాని మాత్రం ఎండ, వేడి తగలని చోట పెట్టండి, కంపెనీలు ఫార్ములా మారుస్తూనే ఉంటాయి, రేపు అదే పేరుతో కొన్నా ఇదే వాసన వస్తుందన్న నమ్మకం లేదు. 2022లో యూరప్‌లో లిలియల్ అనే పదార్థాన్ని నిషేధించినప్పుడు అది వాడే సెంట్లన్నీ ఫార్ములా మార్చుకోవాల్సి వచ్చింది.

వానచినుకు:
అందరికీ చాలా థాంక్స్, చదువుతుంటేనే సగం భయం తగ్గింది. రాత్రే ఒక కాటన్ రుమాలు మీద కొట్టి కవర్లో పెట్టి చూశాను, పొద్దున తీస్తే పైపై ఘాటంతా పోయి నాకిష్టమైన వెనిలా, చందనమే ఉన్నాయి. అమ్మకి చూపించి ఎందుకో చెప్పాను. కాసేపు వాసన చూసి, "ఇది నీ గది వాసన కదే, ఇంటికొచ్చాక నా దిండు కింద కూడా ఒకటి పెట్టు" అంది. రెండో రుమాలు ఉతికి ఆరేశాను.