‘అగాధస్థలములలోనుండి’: పాడేటప్పుడు ఎక్కడ విరవాలి?

అందరికీ నమస్కారం. మాది చెన్నైలో ఒక తెలుగు చర్చి క్వయర్, మగవాళ్లం తొమ్మిది మందిమి. గుడ్ ఫ్రైడేకి బైబిల్లోని 130వ కీర్తన మీద ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ 1980లో మగ గొంతులకీ ఆర్గన్‌కీ రాసిన ‘దే ప్రోఫుందిస్’ (లాటిన్‌లో ‘అగాధస్థలములలోనుండి’ అని) నేర్చుకుంటున్నాం. బేస్ (అన్నిటికన్నా కింది) గొంతు అట్టడుగు నుంచి మొదలై, వచనం వచనానికీ గొంతు మారుతూ, చివరికి నాలుగు గొంతులూ కలుస్తాయి, ఆ చోటికి వచ్చేసరికి రిహార్సల్లో ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

లాటిన్‌లో బాగానే వస్తోంది గానీ ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్లకి ఒక్క ముక్కా అర్థం కాదు, అందుకని మొదటి వచనం ఒక్కటీ తెలుగులో పాడి చూశాం. అక్కడే చిక్కొచ్చింది. పార్ట్ పద్ధతిలో స్వరం పదంలోని అక్షరాల లెక్కను బట్టి నడుస్తుంది. ‘దే ప్రోఫుందిస్’ నాలుగు అక్షరాలు, మన ‘అగాధస్థలములలోనుండి’ పది! ‘అగాధ’ దగ్గర ఆగితే మాట తెగిపోతోంది, ఆగకపోతే ‘లోనుండి’ దగ్గరికి వచ్చేసరికి బేస్ వాళ్లకి ఊపిరి చాలడం లేదు. ‘లోతుల్లోంచి’ అని మార్చడానికి నాకు మనసొప్పదు, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన మాట అది.

ఇలాంటి నెమ్మది పాటకి తెలుగు వచనం కూర్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ విరిచారు? లేక తెలుగులో చదివేసి, లాటిన్‌లోనే పాడటం మంచిదంటారా?