పరీక్షలప్పుడే జలుబు: తప్పు టెన్షన్‌దా, హాస్టల్‌దా?

పలమనేరు_నాన్న:
మా వాడు తిరుపతిలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్నాడు. నెలాఖరు పరీక్ష వచ్చిందంటే చాలు, జలుబు, గొంతునొప్పి. జూన్ నుంచి ఇది ఐదోసారి. "టెన్షన్ పడితే ఇమ్యూనిటీ పడిపోతుందండీ, కాస్త ధైర్యం చెప్పండి" అంటాడు వార్డెన్. గదికి ఎనిమిది మంచాలు వేస్తే జలుబు రాక ఏమొస్తుంది అంటాడు మా తమ్ముడు. ఈలోగా నేను ఇమ్యూనిటీ పెంచే పొడి అంటే 800 రూపాయలు పెట్టి ఒక డబ్బా కొనేశాను. ఎవరి మాట నిజం?

పుత్తూరు_మందులషాపు:
మీ తమ్ముడిదే. జలుబు వైరస్ వల్ల వస్తుంది, బెంగ వల్ల కాదు. కడుపులో అల్సర్‌కూ ఏళ్ల తరబడి టెన్షనే కారణమన్నారు. చివరికి బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఆస్ట్రేలియా డాక్టర్లు అది చాలావరకు హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా పని అని తేల్చారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగాడు! 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కారణం దొరకనప్పుడల్లా టెన్షన్ మీదికి తోసేయడం మనకు అలవాటు.

జువాలజీ_సారు:
అల్సర్ సంగతి ఒప్పుకుంటాను. జలుబు దగ్గర ఆగండి. 1991లో షెల్డన్ కోహెన్ అనే సైకాలజిస్టు బృందం ఇంగ్లండ్‌లో 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసింది. ఎవరికి ఎంత ఒత్తిడి ఉందో ముందే కొలిచి పెట్టుకుంది. ఒత్తిడి బాగా తక్కువున్నవాళ్లలో జలుబు చేసింది సుమారు 27 శాతం మందికి, బాగా ఎక్కువున్నవాళ్లలో 47 శాతం మందికి. గదిలో ఎంతమంది ఉన్నారు, పక్కవాళ్లకు అంటుకుందా, పొగ తాగుతారా అన్నవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. వైరస్ అందరికీ వేశారు కదా, మరి తేడా ఎక్కడిది?

పుత్తూరు_మందులషాపు:
ఆ 27 సంగతేంది సారూ? టెన్షన్ లేనివాళ్లూ తుమ్మారు. అటువైపు సగానికి పైగా టెన్షన్ పడుతూనే బాగున్నారు.

కొర్లగుంట_అక్క:
మా ఆయనకు కిడ్నీ మార్చి ఆరేళ్లు. ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదని తరిమేయకుండా రోజూ ప్రెడ్నిసోలోన్ వేసుకుంటారు. బ్రహ్మోత్సవాల జనంలోకి మాత్రం వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ మాత్ర, టెన్షన్ పడితే ఒంట్లో ఊరే కార్టిసాల్ ఒకే జాతివట. మాత్రగా మింగితే ఇమ్యూనిటీని అణిచేది ఒంట్లో ఊరితే ఊరుకుంటుందా? అయితే నాకో చిక్కు ఉంది. నాకు ఉబ్బసం. నా ఇన్‌హేలర్‌లో ఉండేదీ ఆ జాతి మందే, స్టెరాయిడ్ అంటారు. మరి ఇంట్లో గొడవైన వారం కార్టిసాల్ పెరిగి ఉబ్బసం తగ్గాలి కదా, ఆ వారమే పిల్లికూతలు ఎక్కువ!

జువాలజీ_సారు:
అక్కా, మీరడిగిందే అసలు ప్రశ్న. మెదడు నుంచి కబురు రాగానే కిడ్నీల మీద టోపీల్లా ఉండే గ్రంథులు కార్టిసాల్‌ను వదులుతాయి. కాసేపటి భయానికి ఈ ఏర్పాటు మంచిదే. కుక్క వెంటపడితే రోగాలతో పోరాడే కణాలు గబగబా రక్తంలోకి వస్తాయి, గాయమైతే అక్కరకొస్తాయని. హడావుడి అయ్యాక "ఇక చాలు" అని వాటిని సద్దుమణిగించేది కార్టిసాలే. నెలల తరబడి అది ఊరుతూనే ఉంటే ఆ కణాలు దాని మాట వినడం మానేస్తాయి. 2012లో కోహెన్ వాళ్లే ఇంకో పరీక్ష చేశారు. చాలాకాలంగా ఒత్తిడిలో ఉన్నవాళ్ల కణాలు కార్టిసాల్‌కు సరిగా లొంగలేదు, అలా లొంగనివాళ్లకే జలుబు ఎక్కువ చేసింది. ముక్కు కారడం, గొంతు వాపు చాలావరకు మన ఒళ్లు చేసే పోరాటపు గోలే. అందుకే "ఇమ్యూనిటీ పడిపోయింది" అనే మాట నాకు నచ్చదు. ఒకచోట తగ్గుతుంది, ఇంకోచోట అదుపు తప్పుతుంది. మీ ఉబ్బసం ఈ రెండో రకం.

ఘాట్‌రోడ్డు_డ్రైవర్:
సార్, కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తీయకుండా వస్తే అది కాగిపోయి కింది మలుపుల దగ్గర పట్టదు. అందుకే చిన్న గేరులో దిగుతాం. అదేనా మీరు చెప్పేది?

జువాలజీ_సారు:
అదే అన్నా. రేపు క్లాసులో నీ బ్రేకే చెప్తా.

పుత్తూరు_మందులషాపు:
సరే, బ్రేకు కథ ఒప్పుకున్నా. కానీ 2015లో అమెరికాలో 164 మందికి మణికట్టుకు పరికరం కట్టి వారం రోజులు నిద్ర కొలిచి, తర్వాత ఇలాగే వైరస్ వేశారు. ఆరు గంటలకన్నా తక్కువ పడుకున్నవాళ్లకు జలుబు చేసే అవకాశం, ఏడు గంటలు దాటినవాళ్లకన్నా నాలుగు రెట్లకు పైనే. ఒత్తిడిని లెక్కలో కలిపినా నిద్ర తేడా నిలబడింది. "ధైర్యం చెప్పండి" అంటే తప్పు పిల్లాడి మనసుదైపోయింది, హాస్టల్ టైంటేబుల్ తప్పించుకుంది. లైట్లు ఎన్నింటికి ఆర్పుతారో అడగండి ముందు.

పలమనేరు_నాన్న:
రాత్రి ఫోన్ చేసి అడిగాను. పడుకునేది పన్నెండున్నరకు, లేపేది ఐదుకు. పరీక్ష వారంలో ఇంకా తక్కువట. వాడేమో "అందరూ అంతే నాన్నా" అంటున్నాడు. ఆదివారం తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్తున్నా. డబ్బా సీలు ఇంకా తీయలేదు, షాపువాడు వెనక్కి తీసుకుంటాడా?

పుత్తూరు_మందులషాపు:
బిల్లు ఉంటే అడిగి చూడండి. నా షాపులో కొన్నది కాదు కదా? నేనూ అవే అమ్ముతాను.