పాత కంప్యూటర్‌లో డీవీడీ ఎన్‌కోడింగ్: గంటలు పట్టడం, మధ్యలో ఆగిపోవడం

రీళ్లపెట్టె:
కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. మొత్తం 110 నిమిషాల వీడియో. సగం క్యామ్‌కార్డర్ డీవీ (డిజిటల్ వీడియో), సగం ఫోన్‌లో తీసిన ఎంపీ4. 'బర్న్' నొక్కితే రాత్రంతా నడిచి ఎర్రర్ ఇస్తోంది. ఒకసారి 41 శాతం దగ్గర, ఇంకోసారి 73 దగ్గర. సాఫ్ట్‌వేర్ మార్చాలా, ర్యామ్ వేయించాలా?

ఫ్రేమ్‌లెక్క:
ఇప్పుడే ఏదీ మార్చకండి. ఎక్కడ ఆగుతోందన్నదే సగం జవాబు చెబుతుంది.

ఎన్నిసార్లు నడిపినా ఒకే చోట ఆగితే తప్పు సోర్స్ ఫైల్‌ది. ఆ నిమిషం దగ్గర ఫ్రేమ్‌లు పాడై ఉంటాయి. అక్కడ రెండు మూడు సెకన్లు కత్తిరిస్తే ముందుకు వెళ్తుంది.

తయారవుతున్న ఫైల్ 4 జీబీకి చేరగానే ఆగితే ఆ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫైల్ పద్ధతిలో ఉన్నట్టే. అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటదు. ఆ హద్దు లేని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చుకోవాలి. కన్వర్ట్ కమాండ్‌తో మారిస్తే డేటా పోదు, అయినా ముందు బ్యాకప్ తీసుకోండి.

మీకులా ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంటే వేడినో, ర్యామ్‌నో, పవర్ సప్లైనో అనుమానించాలి. ఎన్‌కోడింగ్ (వీడియోని డీవీడీ రూపంలోకి మార్చడం) రెండు కోర్లనూ గంటల తరబడి నూటికి నూరు శాతం వాడుతుంది. బ్రౌజింగ్‌లో ఎన్నడూ బయటపడని లోపం ఇక్కడ బయటపడుతుంది.

పాతటవర్:
వేడిని ముందు చూడండి, ఖర్చు లేని పని. హెచ్‌డబ్ల్యూమానిటర్ (ఉష్ణోగ్రత చూపే ప్రోగ్రాం) తెరిచి పెట్టి ఎన్‌కోడింగ్ మొదలుపెట్టండి. సెకనుకి 30 ఫ్రేమ్‌లతో మొదలైంది పావుగంటకి 12కి పడిపోయి, కోర్ ఉష్ణోగ్రత 85–90 డిగ్రీలు దాటిందంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోందన్నమాట. ఇంకా వేడెక్కితే మెషీనే ఆగిపోతుంది.

పైనుంచి ఊదితే సరిపోదు. ఫ్యాన్ విప్పాలి. దాని కింద హీట్‌సింక్ రేకుల మీద దుమ్ము గుడ్డముక్కలా అట్టకట్టి ఉంటుంది, ఫ్యాన్ బాగానే తిరుగుతున్నా గాలి లోపలికి దిగదు. అది తీసేశాక హీట్‌సింక్ కూడా ఊడదీసి, ఎండి పెళుసుబారిన పాత థర్మల్ పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. ఎక్కువ పూస్తే మేలేమీ లేదు, పక్కలకి కారుతుంది.

పనిలో పనిగా ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లు కూడా చూడండి. తల ఉబ్బినవి, గోధుమరంగు కారినవి ఉంటే సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టడం దండగ. వేడి మామూలుగానే ఉంటే మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం) రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ స్టిక్ పనికిరాదు.

డిస్క్‌తిప్పు:
మొదటి నుంచీ నత్తనడకే అయితే, మౌస్ కూడా తడబడుతుంటే, డ్రైవ్ నెమ్మదైన పీఐఓ మోడ్‌లోకి పడిపోయిందేమో చూడాలి. వరసగా టైమౌట్లు, సీఆర్‌సీ (డేటా సరిగా చేరలేదనే) ఎర్రర్లు వస్తే ఎక్స్‌పీ ఆ ఐడీఈ ఛానెల్‌ని (డ్రైవ్ కేబుల్ తగిలించే దారి) డీఎంఏ (డేటా ప్రాసెసర్ మీద పడకుండా పోయే వేగమైన పద్ధతి) నుంచి మెట్టుమెట్టుగా దించేస్తుంది, తర్వాత తనంతట తాను ఎక్కించదు. అప్పుడు ప్రతి బైట్‌నీ ప్రాసెసరే మోయాలి. టాస్క్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి 'షో కెర్నెల్ టైమ్స్' పెడితే ఎర్ర గీత బాగా పైకి కనిపిస్తుంది.

డివైజ్ మేనేజర్, ఐడీఈ కంట్రోలర్లు, ప్రైమరీ, సెకండరీ ఛానెల్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్: 'కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్' దగ్గర పీఐఓ అని ఉంటే ఆ ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి, విండోస్ మళ్లీ గుర్తుపట్టి డీఎంఏ పెడుతుంది. కొన్నాళ్లకే తిరిగి పడిపోతే కేబుల్ మార్చాలి, 80 తీగలది.

ఫ్రేమ్‌లెక్క:
ఇక అసలు అలవాటు మార్చుకోవాల్సింది ఆ ఒక్క బటన్ పద్ధతి. ఎన్‌కోడింగ్, ఆథరింగ్ (డీవీడీ ఫోల్డర్ కట్టడం), ఐఎస్‌ఓ (డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా చేయడం), బర్నింగ్ ఒకే దెబ్బకి చేయిస్తే చివర్లో డిస్క్ బాగాలేకపోయినా రాత్రంతా పడ్డ శ్రమ పోతుంది. విడివిడిగా చేయండి. ఒక్కో క్లిప్‌ని వేరుగా ఎంపెగ్-2కి (డీవీడీ వీడియో ఫార్మాట్) మార్చి పక్కన పెట్టుకుంటే ఏది చెడితే అదొక్కటే మళ్లీ చేసుకోవచ్చు. ఎంపెగ్, వీడియో_టీఎస్ ఫోల్డర్, ఐఎస్‌ఓ ఒక్కొక్కటీ దాదాపు 4.4 జీబీ. సోర్స్ కాకుండా 15 జీబీ అయినా ఖాళీ ఉండాలి. డీవీ సోర్సే గంటకి 13 జీబీ, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

బిట్‌రేట్ (సెకనుకి ఎన్ని కిలోబిట్లన్నది) లెక్క: డిస్క్‌లో పట్టే 37,600,000 కిలోబిట్లని మొత్తం సెకన్లతో భాగించండి. మీ 110 నిమిషాలకి 6,600 సెకన్లు, అంటే 5,697 కేబీపీఎస్. మక్సింగ్ (వీడియో, ఆడియో కలపడం) కోసం 4 శాతం, ఆడియో ఏసీ-3కి 256 తీసేస్తే వీడియోకి సగటున 5,200 మిగులుతుంది. గరిష్ఠం 8,000 పెట్టండి. డీవీడీ నిబంధన ప్రకారం వీడియో 9,800 వరకు వెళ్లొచ్చు, కానీ అంచున పెడితే పాత ప్లేయర్లు తడబడతాయి. ఆడియోని కుదించని పీసీఎమ్‌లో వదిలేస్తే అదొక్కటే 1,536 తినేస్తుంది. చాలామంది డిస్కుల్లో బొమ్మ చతురస్రాలుగా విరగడానికి ఇదీ ఒక కారణం.

పాతటవర్:
ఆ మెషీన్‌లో టూ-పాస్ (వీడియో మొత్తాన్నీ రెండుసార్లు నడిపి ఎన్‌కోడ్ చేయడం) వద్దంటాను. సమయం దాదాపు రెట్టింపు.

ఫ్రేమ్‌లెక్క:
70 నిమిషాల లోపు అయితే మీ మాటే. 8,000 స్థిర బిట్‌రేట్‌తో ఒకే పాస్ చాలు, డిస్క్‌లో పడుతుంది. 110 నిమిషాలకి మాత్రం టూ-పాస్ తేడా కంటికి తెలుస్తుంది, కదలిక ఎక్కువున్న చోట్ల మరీ. సమయం మిగుల్చుకోవాలంటే నాయిస్ రిడక్షన్ తీసేయండి, అదే అన్నిటికంటే బరువు. డీవీని డీఇంటర్లేస్ (గీత విడిచి గీతగా ఉన్న బొమ్మని నిండు ఫ్రేమ్‌గా మార్చడం) కూడా చేయొద్దు. డీవీడీ ఇంటర్లేస్‌డ్‌ని అలాగే తీసుకుంటుంది. ఫీల్డ్ ఆర్డర్ (సరి, బేసి గీతల్లో ఏవి ముందన్నది) 'బాటమ్ ఫస్ట్' అని ఇవ్వడం మరవకండి, లేకపోతే కదిలే ప్రతిదీ వణుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు కొనమని ఎవరైనా చెబితే ఆగండి, ఎన్‌విడియా కార్డుల్లోని ఎన్‌కోడర్ ఎన్‌వెంక్ ఎంపెగ్-2కి ఎన్‌కోడ్ చేయదు.

రీళ్లపెట్టె:
ఫోన్ క్లిప్పుల్లో పెదాలకీ మాటకీ పొంతన పోతోందండీ. చివరికి వచ్చేసరికి ఒక సెకను పైనే తేడా.

డిస్క్‌తిప్పు:
ఫోన్ వీడియో ఫ్రేమ్‌రేట్ స్థిరంగా ఉండదు, వెలుతురు తగ్గితే 30 నుంచి 24కో ఇంకా కిందకో దిగుతుంది. పాత సాఫ్ట్‌వేర్ అది గమనించదు. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాంలో 'కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్' పెట్టి ఒకసారి మార్చి, ఆ ఫైల్‌నే ఎన్‌కోడ్ చేయండి. ఈ ఒక్క పని కొత్త కంప్యూటర్‌లో చేయించుకుంటే మంచిది, హెచ్.264 (ఫోన్ వీడియో ఫార్మాట్) హెచ్‌డీని విప్పడమే కోర్ 2కి భారం. ఆడియో 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. 44.1 ఉంటే ఆథరింగ్ ప్రోగ్రాం తిప్పికొడుతుంది, లేదా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తానంటుంది.

రీళ్లపెట్టె:
ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ ప్రోగ్రాం వాడితే?

ఫ్రేమ్‌లెక్క:
హాయిగా. టార్గెట్ ఆప్షన్‌కి పాల్-డీవీడీ (పాల్ మన టీవీ పద్ధతి) అని ఇస్తే 720×576, 25 ఫ్రేమ్‌లు, 48 కిలోహెర్ట్జ్ ఏసీ-3 అన్నీ తనే పెట్టుకుంటుంది. వీడియో బిట్‌రేట్ 6,000, ఆడియో 448 తీసుకుంటుంది కాబట్టి 110 నిమిషాలు డిస్క్‌లో పట్టవు. ఆ రెండూ మీరే 5,200, 256గా రాయాలి.

డిస్క్‌తిప్పు:
బర్నింగ్‌కి ఇమ్‌జ్‌బర్న్, వేగం 4ఎక్స్ లేదా 8ఎక్స్, 'వెరిఫై' టిక్ ఉంచండి. డిస్క్ అంచుదాకా నింపొద్దు. రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది, పాత ప్లేయర్లు తప్పేది ఎక్కువగా ఆ బయటి వలయంలోనే. ఐఎస్‌ఓని 4.2 జీబీలోపు ఉంచితే మేలు. అందుకని ఆ 5,200ని 5,000కి దించండి.