అద్దెకిచ్చే రెండో ఫ్లాట్: బ్యాంకు లోన్ మేలా, ప్రీలాంచ్‌లో ఫుల్ పేమెంట్ మేలా?

కొనాలనుకుంటున్న రవి: చేతిలో 25 లక్షలున్నాయి. మియాపూర్‌లో రీసేల్ టూ బీహెచ్‌కే 80 లక్షలు చెప్తున్నారు, అద్దె 24 వేలు వస్తుందట. కొల్లూరు వైపు ఒక బిల్డర్ ప్రీలాంచ్‌లో, అంటే ప్రాజెక్టు అధికారికంగా మొదలవకముందే, అదే సైజు 50 లక్షలకే ఇస్తానంటున్నాడు. అయితే డబ్బంతా ఇప్పుడే కట్టాలి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఇంకా రాలేదు. తక్కువైన 25 లక్షలకు మేముంటున్న ఇంటి మీద మార్టగేజ్ లోన్ తీసుకుందామని ఆలోచన. ఏది మంచిది?

శేరిలింగంపల్లి శ్రీను: ప్రీలాంచే, బ్రదర్. 80 లక్షల ఫ్లాట్‌కి బ్యాంకు మహా అయితే 64 లక్షలిస్తుంది. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు వేసుకుంటే ఈఎంఐ 55 వేల పైచిలుకు. అద్దె పోను నెలనెలా 31 వేలు జీతంలోంచే కట్టాలి. మా బావ ప్రీలాంచ్‌లో కొన్నాడు, ఫ్లాట్ చేతికొచ్చింది, బాగా లాభపడ్డాడు.

పద్మజ, కూకట్‌పల్లి: శ్రీను గారూ, మీ ఈఎంఐ లెక్క కరెక్టే. రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం, అంటే ఇంకో 6 లక్షలు కూడా చేతి నుంచే పెట్టుకోవాలి. అయినా ప్రీలాంచ్ వద్దే వద్దంటాను. రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు రిజిస్ట్రేషన్ లేకుండా బుకింగే తీసుకోకూడదు. సెక్షన్ 13 ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఆ బిల్డర్ నూటికి నూరు శాతం అడుగుతున్నాడు! ఆ 30 లక్షల తేడా డిస్కౌంట్ కాదండీ, ఏ బ్యాంకూ ఇవ్వని అప్పును మీరు హామీ లేకుండా ఇస్తున్నందుకు అతను చూపించే వడ్డీ. మహా అయితే యూడీఎస్ రిజిస్టర్ చేస్తాడు. భూమిలో విడదీయని వాటా తప్ప అందులో గోడలుండవు. రేపు పని ఆగిపోయినా మార్టగేజ్ ఈఎంఐ ఆగదు. అప్పుడు పిల్లలతో ఉంటున్న ఇల్లే బ్యాంకు చేతికి పోతుంది.

శ్రీను: రిస్క్ లేకుండా లాభం ఎక్కడుంది మేడం? పైగా లోన్ మీద ట్యాక్స్ మిగులుతుందని చెప్పి బ్యాంకువాళ్లూ జనాన్ని ఊరిస్తున్నారు.

పద్మజ: ఆ మాటలో మీతో ఏకీభవిస్తాను. మొదటి ఏడాది వడ్డీయే సుమారు 5.4 లక్షలు. అద్దె 2.88 లక్షల్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ చట్టం ఇచ్చే మినహాయింపు) పోతే మిగిలేది 2 లక్షలు. అంటే ట్యాక్స్ లెక్కలో 3.4 లక్షల నష్టం. పాత ట్యాక్స్ పద్ధతిలో అందులో 2 లక్షల దాకా ట్యాక్స్ పడే జీతంలోంచి తగ్గించుకోవచ్చు, మిగతాది 8 ఏళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు. కొత్త పద్ధతిలో జీతంలోంచి రూపాయి కూడా తగ్గదు. ట్యాక్స్ కోసం ఈ ఫ్లాట్ కొనకండి.

రవి: నేను కొత్త పద్ధతిలోనే ఉన్నానండీ. నెలకు 31 వేలు కష్టమే. మరి రెండూ వదిలేయాలా?

పద్మజ: వదలక్కర్లేదు. 50, 55 లక్షల్లో కాస్త పాత ఫ్లాట్ వెతకండి. లోన్ 35 లక్షలు దాటనివ్వకండి, అప్పుడు ఈఎంఐ 30 వేల దగ్గర ఆగుతుంది. ఫ్లోటింగ్ రేటు (మారుతుండే వడ్డీ) తీసుకుంటే బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కొంత ముందే కట్టుకోవచ్చు, పెనాల్టీ ఉండదు. టోకెన్ ఇచ్చే ముందే ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయర్‌కి చూపించండి.